చైనా గ్యాలరీలో బౌద్ధ విగ్రహాన్నీ పూల చిత్రాన్నీ చూసే పద్ధతి: సమగ్ర మార్గదర్శి

చైనా గ్యాలరీలోకి వెళ్లిన వాళ్లలో ఎక్కువమంది ముందు లేబుల్ చదివి, ఆ తర్వాత తలెత్తి విగ్రహం వైపు చూస్తారు. "గ్వానిన్ (చైనాలో అవలోకితేశ్వరుడి పేరు), చెక్క, 12వ శతాబ్దం" అని తెలిసిపోయాక కంటికి పని మిగలదు. ఇక్కడ చెప్పే పద్ధతిలో వరుస తిరగబడుతుంది. ముందు పదార్థం, తర్వాత పనితనం, ఆ తర్వాత కాలం చేసిన మార్పులు. ఎవరి రూపం, ఎప్పటిది అన్నవి ఆపైన (శిల్పం దగ్గర మాత్రం పోయినవీ చేర్చినవీ వీటి తర్వాత చూస్తాం). లేబుల్ అన్నిటికన్నా ఆఖరున. శిల్పానికీ పూల చిత్రానికీ ఇదే వరుస పనిచేస్తుంది. ఎందుకంటే రెండూ గ్యాలరీ కోసం తయారైనవి కావు. విగ్రహం గుడిలో దీపాల వెలుగులో, భక్తుల తలలకన్నా ఎత్తులో ఉండాల్సింది. చిత్రం చుట్టిపెట్టి, ఎప్పుడో ఒకసారి బయటికి తీసి చూసుకోవాల్సింది. ఈ తేడా మనసులో లేకుండా చూస్తే సగం సంగతులు తప్పుగా అర్థమవుతాయి.

ఉదాహరణలు ఎక్కువగా అమెరికాలోని రెండు సేకరణల నుంచి తీసుకున్నాం: న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం, కాన్సస్ సిటీలోని నెల్సన్-యాట్కిన్స్ మ్యూజియం. అక్కడికి వెళ్లలేని వాళ్లు వాటి వెబ్‌సైట్లలోని పెద్ద ఫొటోలతో సాధన చేయొచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా పింగాణీ పూల పనిని గమనించడానికి బాగా పనికొస్తుంది. ఢిల్లీ నేషనల్ మ్యూజియం సేకరణలో అన్వేషకుడు ఆరెల్ స్టైన్ వాయవ్య చైనాలోని దున్‌హువాంగ్ గుహల నుంచి తెచ్చిన బౌద్ధ పట్టు చిత్రాలున్నాయి.

వెళ్లే ముందు

రాతి, కంచు విగ్రహాలు ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటాయి. పట్టు మీద, కాగితం మీద వేసిన చిత్రాలు అలా ఉండవు. వెలుతురు తగిలిన కొద్దీ రంగు వెలుస్తుంది, వెలిసింది తిరిగి రాదు. అందుకే వాటిని దాదాపు 50 లక్స్ (వెలుతురు కొలత) మసక వెలుతురులో కొన్ని నెలలు మాత్రం ఉంచి, మళ్లీ చుట్టి లోపల పెట్టేస్తారు. ఫలానా చిత్రం కోసమే ప్రయాణం కడుతుంటే, అది ఇప్పుడు ప్రదర్శనలో ఉందో లేదో మ్యూజియం వెబ్‌సైట్‌లో ఆ వస్తువు పేజీ తెరిచి ముందే చూసుకోండి. ఈ పని చేయక నిరాశతో తిరిగొచ్చే వాళ్లే ఎక్కువ.

పెన్సిల్, చిన్న నోటుపుస్తకం తీసుకెళ్లండి. పెన్నుకు చాలా గ్యాలరీలు ఒప్పుకోవు. 6 రెట్లు పెంచి చూపే చిన్న బైనాక్యులర్ ఉంటే మంచిది. కానీ అది 2 మీటర్ల లోపు దూరానికి కూడా ఫోకస్ కావాలి. పక్షుల్ని చూసే మామూలు బైనాక్యులర్లు చాలావరకు అంత దగ్గరికి పనిచేయవు, కొనేముందు ఇది పరీక్షించండి. టార్చి వేయకూడదు, ఫోన్ ఫ్లాష్ ఆపేయాలి. ఒక విగ్రహానికి 20 నిమిషాలు, ఒక చిత్రానికి 20 నిమిషాలు కేటాయించుకోండి. మొదటిసారి ఈ రెండూ చాలు.

మొదటి మెట్టు: చుట్టూ తిరిగి పదార్థం పోల్చుకోవడం

ముందు నుంచి కాకుండా పక్క నుంచి మొదలుపెట్టండి. గ్యాలరీ దీపం విగ్రహం మీద ఏటవాలుగా పడే చోట నిలబడితే ఉలి గాట్లు, అతుకులు, పూతల అంచులు తేలి కనిపిస్తాయి.

రాయి అయితే రంగూ రేణువూ చూడండి. చైనా బౌద్ధ గుహాలయాల్లో యున్‌గాంగ్ గుహలు ఇసుకరాయి, లాంగ్‌మెన్ గుహలు సున్నపురాయి. ఇసుకరాతిలో రేణువు కంటికి కనిపిస్తుంది, అంచులు మొద్దుబారతాయి. సున్నపురాతి మీద సన్నటి గీత కూడా పదునుగా నిలుస్తుంది. హెబెయ్ ప్రాంతపు చూయాంగ్ తెల్ల పాలరాయి మరో పెద్ద కుటుంబం. మడతల లోపల, చెవుల వెనక ఎరుపో నీలమో మిగిలి ఉందేమో వెతకండి. ఈ రాళ్లలో చాలావాటికి ఒకప్పుడు నిండుగా రంగులుండేవి. ఈ బూడిదరంగు ప్రశాంతత చాలావరకు కాలం చేసిన పని, శిల్పి కోరింది కాదు.

కంచు మీద బంగారు పూత ఉంటే అది ఎక్కడ మిగిలిందో చూడండి. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్దగా పూసి, వేడిచేసి పాదరసాన్ని ఆవిరి చేసేవారు. లోహానికి బంగారం గట్టిగా పట్టుకుంటుంది. మోకాళ్లు, ముక్కు, వేళ్ల లాంటి ఎత్తైన చోట్ల అరిగిపోయి, మడతల లోతుల్లో మిగలడం సహజం. దీనికి విరుద్ధంగా పచ్చటి చిలుము మీద బంగారం కనిపిస్తే, ఆ పూత తర్వాతిది అని అనుమానించాలి.

చెక్క అయితే పగుళ్లు చూడండి. పెద్ద దుంగ లోపల తడి, బయట పొడి అయ్యేసరికి నిలువునా చీలుతుంది. దీన్ని తప్పించడానికి వెనక నుంచి లోపల తొలిచి, పైన చెక్క మూత బిగించేవారు. నెల్సన్-యాట్కిన్స్‌లోని దక్షిణ సముద్ర గ్వానిన్ 2.4 మీటర్ల ఎత్తుంటుంది. ఉత్తర చైనాను ఏలిన ల్యావ్ లేదా జిన్ వంశాల కాలపుది, 11-12 శతాబ్దాల నాటి చెక్క పని. దాని మీద ఒకటి కాదు, పొరలు పొరలుగా రంగులున్నాయి. గుడిలో పూజలో ఉన్న విగ్రహానికి కొన్ని తరాలకొకసారి రంగులు వేయడం పుణ్యకార్యం. కాబట్టి మనకు కనిపించే రంగుకూ చెక్కడానికీ ఒకే వయసు అనుకోకూడదు. లేబుల్ మీది తేదీ చెక్కడానిదే అయి ఉంటుంది.

పొడి లక్క పని అరుదు, అందుకే గుర్తుపట్టడం నేర్చుకోవాలి. మట్టితో మూలరూపం చేసి, లక్కలో ముంచిన జనపనార గుడ్డను పొరలు పొరలుగా చుట్టి, ప్రతి పొరా గట్టిపడ్డాక పైది వేసేవారు. చివర మట్టిని తీసేస్తే బోలు విగ్రహం మిగులుతుంది. ఈ లక్క చెట్టు నుంచి కారే పాలు. ఏటికొప్పాక బొమ్మలకు పూసే లక్క పురుగుల నుంచి వచ్చేది, రెండూ వేరు. చెట్టు లక్క గట్టిపడాలంటే గాలిలో తేమ ఉండాలి, ఎండలో పెడితే కుదరదు. ఒక్కో పొరకు అంత సమయం పట్టేది అందుకే. మెట్రొపాలిటన్‌లో 7వ శతాబ్దం మొదటి భాగానికి చెందిన పొడి లక్క బుద్ధుడున్నాడు. చేతులు పోయాయి. ముఖం, గుడ్డ మడతలు మాత్రం మెత్తగా, పోత పోసినట్టు కాకుండా వేలితో దిద్దినట్టు ఉంటాయి. రాతిలో ఆ మెత్తదనం రాదు.

రెండో మెట్టు: వెనక వైపు, అడుగు వైపు

విగ్రహాన్ని గోడకు ఆనించకుండా పెట్టి ఉంటే వెనక్కి తప్పకుండా వెళ్లండి. వీపు మీద దీర్ఘచతురస్రపు మూతగానీ ఖాళీ గుంతగానీ కనిపిస్తే, అది ప్రతిష్ఠ సమయంలో పవిత్ర వస్తువులు ఉంచిన చోటు. సూత్ర ప్రతులు, పట్టు ముక్కలు, ధాన్యం, నాణేలు లాంటివి లోపల పెట్టేవారు. దీనికి గొప్ప సాక్ష్యం ఇప్పుడు జపాన్‌లో ఉంది. 985లో చైనాలోని తాయ్‌ఝౌలో జపాన్ భిక్షువు చోనెన్ కోసం చెక్కిన శాక్యముని విగ్రహం క్యోటో సెయ్‌ర్యోజీ గుడిలో ఉంది. దాని లోపల పట్టుతో కుట్టిన గుండె, పేగులు లాంటి అవయవాల రూపాలు దొరికాయి. మ్యూజియంలో ఆ గుంత ఖాళీగా ఉంటే, అమ్మకం దారిలోనో అంతకుముందో అవి పోయి ఉండొచ్చు.

శాసనం ఎక్కువగా పీఠం మీదో ప్రభామండలం వెనకో ఉంటుంది. చైనా అక్షరాలు రాకపోయినా దాని నిర్మాణం తెలుసుకోవచ్చు: పాలనా యుగం పేరు, అందులో ఎన్నో ఏడు, నెల, రోజు, దాత పేరు, చనిపోయిన తల్లిదండ్రుల కోసమో చక్రవర్తి క్షేమం కోసమో కోరిక. లెక్క సులువు. యుగం మొదటి ఏడుకు ఎన్నో ఏడో కలిపి ఒకటి తీసేయాలి. తాయ్‌హ యుగం 477లో మొదలైంది, దాని పదో ఏడు 486. మెట్రొపాలిటన్‌లో ఉన్న 140 సెం.మీ. బంగారు పూత కంచు మైత్రేయుడి (రాబోయే బుద్ధుడి) తేదీ సరిగ్గా ఇదే.

మూడో మెట్టు: ఎవరి రూపం

ఇప్పుడు గుర్తులు వెతకండి. ఒంటి మీద నగలు లేకుండా సన్యాసి వస్త్రం, తల మీద ఉష్ణీషం (ముడి లాంటి ఉబ్బు), సాగిన చెవులు ఉంటే బుద్ధుడు. కిరీటం, హారాలు, భుజాల మీంచి జారే ఉత్తరీయం ఉంటే బోధిసత్వుడు. గుండు తలతో భిక్షువు రూపమైతే అర్హతుడో (విముక్తి పొందిన భిక్షువు), శిష్యుడో, దండం పట్టుకున్న క్షితిగర్భుడో. బుద్ధుడి పక్కన యువకుడు, ముసలివాడు జంటగా ఉంటే ఆనందుడు, కాశ్యపుడు.

బోధిసత్వుల్లో కిరీటం మధ్యలో చూడండి. చిన్న అమితాభ బుద్ధుడు కూర్చుని ఉంటే అది అవలోకితేశ్వరుడు, అంటే గ్వానిన్. అదే చోట కలశం ఉంటే మహాస్థామప్రాప్తుడు. సింహం మీద మంజుశ్రీ, ఏనుగు మీద సమంతభద్రుడు. గ్వానిన్ విషయంలో ఒక పొరపాటు మామూలుగా జరుగుతుంది: ఎప్పుడూ స్త్రీ రూపమే అనుకోవడం. తొలి శతాబ్దాల చైనా గ్వానిన్ పురుషుడే, కొన్ని విగ్రహాలకు సన్నటి మీసం గీత కూడా ఉంటుంది. తెల్లటి వస్త్రపు స్త్రీ రూపం తర్వాత స్థిరపడింది. మింగ్ కాలపు దహ్వా తెల్ల పింగాణీ బొమ్మల్లో మనకు తెలిసిన గ్వానిన్ అదే. ఒక మోకాలు పైకి మడిచి, దాని మీద చెయ్యి చాచి, రెండో కాలు కిందికి వదిలి కూర్చుంటే అది మహారాజలీలాసనం. నెల్సన్-యాట్కిన్స్ గ్వానిన్‌ది ఈ భంగిమే. నిటారుగా ధ్యానంలో కూర్చున్న బుద్ధుడిని అలవాటుగా చూసిన కంటికి ఈ తీరిక కొత్తగా ఉంటుంది.

బొజ్జతో నవ్వుతున్న బొమ్మను బుద్ధుడు అనకండి. ఆయన బుదాయ్ అనే భిక్షువు, చైనాలో మైత్రేయుడి అవతారంగా కొలుస్తారు. అన్నీ బౌద్ధమే అనుకోవడం కూడా తప్పు. చెప్పులు లేని కాళ్లతో, తాబేలూ పామూ తోడుగా ఉన్న వీరుడు చైనా సొంత మతమైన దావో మతపు దేవుడు ఝెన్‌వు.

నాలుగో మెట్టు: వస్త్రాన్ని బట్టి కాలం

ముఖం మోసం చేస్తుంది, మడతలు అంతగా మోసం చేయవు. ముఖాన్ని తర్వాతి వాళ్లు మళ్లీ చెక్కడం తరచూ జరిగింది. వస్త్రాన్ని తాకడం అరుదు.

486 నాటి మైత్రేయుడిని చూడండి. గుడ్డ ఒంటికి అంటుకుని, దాని మీద గట్ల లాంటి గీతలు పరుచుకుని ఉంటాయి. భారత, మధ్యాసియా దారిలో వచ్చిన తీరు అది. 494లో ఉత్తర వెయ్ రాజవంశం రాజధాని లుయోయాంగ్‌కు మారింది. షియావ్‌వెన్ చక్రవర్తి ఆస్థానంలో చైనా దుస్తులు తప్పనిసరి చేశాడు. ఆ మార్పు బుద్ధుడి ఒంటి మీదికీ వచ్చింది. శరీరం సన్నబడి, వస్త్రం బరువెక్కి, ఛాతీ దగ్గర కట్టిన ముడి కిందికి వేలాడుతుంది. అంచులు పీఠం మీదికి జలపాతంలా దిగుతాయి. ఆ ముడి కనిపించిందంటే దాదాపు 5వ శతాబ్దం చివర, 6వ శతాబ్దం మొదట్లో ఉన్నట్టే. 6వ శతాబ్దం మధ్యలో ఉత్తర చీ కాలానికి మడతలు దాదాపు మాయమై, నున్నటి స్తంభం లాంటి శరీరం వస్తుంది. 1996లో చింగ్‌ఝౌ లాంగ్‌షింగ్ గుడి స్థలంలో బయటపడిన సుమారు 400 శిల్పాల్లో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి, రంగూ బంగారమూ ఇంకా మెరుస్తూనే. తాంగ్ కాలంలో (618–907) కండ పట్టి, బోధిసత్వులు నడుము ఒంచి త్రిభంగంలో (మూడు వంపుల భంగిమలో) నిలబడతారు. సోంగ్, ల్యావ్, జిన్ కాలాల్లో చెక్క ముందుకొస్తుంది, నగలు వాస్తవంగా, ముఖం మనిషికి దగ్గరగా ఉంటుంది.

అమరావతి శిల్పాలు బాగా చూసిన తెలుగువాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. వస్త్రం కింద శరీరం తెలిసేలా చెక్కడం మనకు అలవాటైన దృశ్యం. అది ఎక్కడ తగ్గి, గుడ్డే ప్రధానం అవుతుందో మన కన్ను త్వరగా పట్టుకుంటుంది. 7వ శతాబ్దంలో ధాన్యకటకం చూసి వెళ్లిన హ్యూయెన్ త్సాంగ్ కాలానికి చైనాలో ఆ గాలి మళ్లీ శరీరం వైపు తిరుగుతోంది.

ఐదో మెట్టు: ఏం పోయింది, ఏం చేర్చారు

ఒంటరి తల కనిపిస్తే మెడ అడుగు చూడండి. చదునుగా, ఉలి దెబ్బలతో ఉంటే గుహ గోడ నుంచి కోసి తీసింది కావచ్చు. 20వ శతాబ్దం మొదటి సగంలో తియాన్‌లాంగ్‌షాన్, లాంగ్‌మెన్ గుహలను ఇలాగే కొల్లగొట్టారు. తియాన్‌లాంగ్‌షాన్ 8వ గుహలోని ప్రధాన బుద్ధుడి తల జపాన్ నుంచి 2020 చివర్లో చైనాకు తిరిగొచ్చింది. లాంగ్‌మెన్ బిన్‌యాంగ్ గుహలో 522–523 ప్రాంతంలో చెక్కిన ఊరేగింపు ఫలకాల్లో చక్రవర్తిది మెట్రొపాలిటన్‌లో, రాణిది నెల్సన్-యాట్కిన్స్‌లో ఉన్నాయి. రెండూ ముక్కలుగా బయటికొచ్చి, మళ్లీ అతికినవి. దగ్గరికెళ్లి అతుకుల గీతలు వెంబడించండి. ఎక్కడ గీత అకస్మాత్తుగా మొద్దుగా, యాంత్రికంగా మారుతుందో అక్కడ పూరించిన భాగం ఉండొచ్చు. అందాన్ని మెచ్చుకుంటూనే ఆ గుహ గోడలో ఇప్పుడు ఉన్న ఖాళీని కూడా గుర్తుంచుకోవడం న్యాయం.

వస్తువు సంఖ్య ఇక్కడ పనికొస్తుంది. చక్రవర్తి ఫలకం సంఖ్య 35.146, అంటే 1935లో చేరింది. గ్వానిన్‌ది 34-10, అంటే 1934. ఆ ఏళ్లలో చైనా నుంచి ఏం ఎలా బయటికొచ్చిందో తెలుసుకుంటే లేబుల్ వేరేలా చదువుతారు.

ఆరో మెట్టు: పూల చిత్రం ముందు

మసక వెలుతురుకు కన్ను అలవాటు పడటానికి రెండు మూడు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత అడుగు పదార్థం చూడండి. పట్టు అయితే నేత గళ్లు కనిపిస్తాయి, పాతబడి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ఈ గోధుమరంగు చిత్రకారుడు ఎంచుకున్న నేపథ్యం కాదు, వయసు. ఎక్కడైనా నేత దిశ మారితే, గీత తెగి మళ్లీ కలిస్తే, అది మరమ్మతు చేసిన అతుకు.

ఇప్పుడు పద్ధతి. ప్రధానంగా మూడు తోవలు. మొదటిది సన్నటి సిరా గీత గీసి లోపల రంగు నింపడం. 10వ శతాబ్దంలో చెంగ్డూ ఆస్థానపు హువాంగ్ చువాన్ కుటుంబం పేరు దీనితో ముడిపడింది. రెండోది గీతే లేకుండా రంగుతోనే రేకు రూపం తేవడం, దీన్ని 'ఎముక లేని' పద్ధతి అంటారు. చింగ్ కాలంలో యున్ షౌపింగ్ (1633–1690) దీనికి మళ్లీ ప్రాణం పోశాడు. మూడోది తడి సిరాను కాగితం మీద స్వేచ్ఛగా పారనివ్వడం. షూ వెయ్ (1521–1593), బాదా షాన్‌రెన్ (1626–1705) దీనిలో గొప్పవాళ్లు.

మొదటి పద్ధతిని దగ్గరగా అర్థం చేసుకుంటే మిగతావి సులువవుతాయి. పట్టు మీద నేరుగా రంగు వేస్తే దారాల వెంట పాకిపోతుంది. అందుకే పటిక, జంతువుల జిగురు కలిపిన నీళ్లు ముందు పూస్తారు. గీత గీశాక రంగును ఒక్కసారి చిక్కగా వేయరు. నీళ్ల లాంటి పలచటి పూత వేసి, ఆరాక మరొకటి, మధ్యలో మళ్లీ పటిక నీళ్లు. 'మూడు పటికలు, తొమ్మిది పూతలు' అన్నది అక్కడి చిత్రకారుల మాట. రెండు కుంచెలు ఒకే చేతిలో పట్టుకుంటారు. ఒకటి రంగుది, రెండోది శుభ్రమైన నీళ్లది. రేకు మొదట్లో రంగు పెట్టి, వెంటనే నీళ్ల కుంచెతో అంచు వైపు లాగుతారు. నీళ్లు ఎక్కువైతే రంగు అంచున గీతలా పేరుకుంటుంది, తక్కువైతే మరక ఆగిపోతుంది. పటిక ఎక్కువైతే ఆమ్లగుణం వల్ల ఏళ్లు గడిచేకొద్దీ పట్టు పెళుసెక్కి చిట్లుతుంది. రేకు అంచున రంగు ఎక్కడా ఆగకుండా కరిగిపోయిందా అని బైనాక్యులర్‌తో చూడండి. చేతి స్థాయి అక్కడే తెలుస్తుంది.

ఏడో మెట్టు: మారిన రంగులు

నీలం, ఆకుపచ్చ రాళ్ల పొడులు, ఇంగిలీకం లాంటి ఖనిజ రంగులు బాగా నిలుస్తాయి. కానీ మందంగా ఉన్నచోట, చుట్టినప్పుడల్లా మడతపడి పొలుసులుగా రాలతాయి. మొక్కల నుంచి తీసిన ఎరుపులు, పసుపులు వెలుతురుకు వెలిసిపోతాయి. ఆకుల ఆకుపచ్చ చాలాసార్లు నీలిమందు, పసుపురంగు కలిపి చేసింది. పసుపు ముందు పోతే ఆకు నీలంగా మిగులుతుంది. నీలి ఆకులు చూసి చిత్రకారుడి కల్పన అనుకోకండి.

తెల్ల రేకులు బూడిదగానో నల్లగానో కనిపిస్తే అది సీసపు తెలుపు. గాలిలోని గంధకపు వాయువులతో కలిసి నల్లబడింది. గుల్లలు కాల్చి నూరిన తెలుపు అలా నల్లబడదు. ఒకే పువ్వులో కొన్ని రేకులు తెల్లగా, కొన్ని నల్లగా ఉంటే రెండోసారి ఎవరో చెయ్యి చేసుకున్నారేమో ఆలోచించాలి.

ఎనిమిదో మెట్టు: ఏ పువ్వు, ఎందుకు

చలి పోకముందే పూసే మెయ్ (చైనా ప్లమ్) పువ్వు, వెదురు, ఆర్కిడ్, చామంతి నాలుగూ 'నలుగురు సజ్జనులు'. పియోనీ సంపదకు గుర్తు. తామర బురదలో పుట్టి మచ్చపడనిది, విగ్రహం కింద పద్మపీఠంగా ఇప్పుడే చూసి వచ్చిన పువ్వు. కానీ పట్టిక వల్లించి ఆగిపోతే చిత్రం మూగబోతుంది. కాలం కలిపి చూడాలి. 1279లో సోంగ్ రాజ్యం మంగోలుల చేతిలో కూలింది. సోంగ్‌కు విధేయుడుగా మిగిలిన చిత్రకారుడు ఝెంగ్ సిషియావ్ 1306లో వేసిన సిరా ఆర్కిడ్ ఒసాకాలో ఉంది. ఆ మొక్క కింద మట్టి లేదు, నేల పోయిందని చెప్పడానికి. అదే తరంవాడు చియాన్ షువాన్ వేసిన తెల్ల పియర్ పూల కొమ్మ మెట్రొపాలిటన్‌లో ఉంది. 31 సెం.మీ. ఎత్తున్న అడ్డచుట్ట (అడ్డంగా విప్పి చూసే చుట్ట చిత్రం), కాగితం మీద. చుట్టూ ఏమీ లేదు, ఒక కొమ్మ, పక్కన ఆయన సొంత పద్యం. తాంగ్ కవిత్వంలో వానకు తడిసిన పియర్ పువ్వు ఏడుస్తున్న సుందరి ముఖం. ఆ సంగతి తెలిసిన వాళ్లకు ఆ ఖాళీ కాగితం వట్టి ఖాళీగా కనిపించదు.

అడ్డచుట్టను కుడి నుంచి ఎడమకు, చేతుల మధ్య పట్టేంత మేర మాత్రం విప్పి చూసేవారు. అద్దాల బల్లలో పూర్తిగా పరిచి ఉన్నా మీరు కుడి చివర మొదలుపెట్టి, ఒక్కో భాగం దగ్గర ఆగుతూ నడవండి.

తొమ్మిదో మెట్టు: ముద్రలూ తేదీలూ

ఎర్ర ముద్రలన్నీ చిత్రకారుడివి కావు. ఆయన సంతకం పక్కన ఉన్నది ఆయనది. మిగతావి తర్వాతి యజమానులవి. చియాన్‌లాంగ్ చక్రవర్తి (పాలన 1736–1795) ముద్రలు ఎన్నో చిత్రాల మీద నిండుగా కనిపిస్తాయి. చిత్రం, చుట్టూ ఉన్న పట్టు కలిసే అతుకు మీద పడిన ముద్రలను ప్రత్యేకంగా చూడండి. ముద్ర సగం మాత్రమే ఉండి, పక్క భాగం ఖాళీగా ఉంటే, చిత్రాన్ని ఆ తర్వాత విప్పి కొత్త పట్టుకు అతికించారని తెలుస్తుంది.

చిత్రం మీది తేదీ చాలాసార్లు 60 ఏళ్ల చక్రంలోని పేరుగా ఉంటుంది, మన ప్రభవ, విభవ సంవత్సరాల్లాగే. పాలనా యుగం పేరు లేకపోతే ఆ పేరు 60 ఏళ్లకొకసారి తిరిగొస్తుంది కాబట్టి, చిత్రకారుడి జీవితకాలంతో సరిచూడాలి.

ఇప్పుడు లేబుల్ చదవండి. పదార్థం, రూపం, కాలం మీరు రాసుకున్న దానితో ఎక్కడ కలవలేదో ఆ పంక్తి కింద గీత గీయండి. 'ఆపాదితం' అని ఉంటే అది ఆ చిత్రకారుడి పనే అని ఖాయంగా తేలలేదని అర్థం. ఇంటికొచ్చాక వస్తువు సంఖ్యతో వెబ్‌సైట్‌లో వెతికితే, గ్యాలరీలో కనిపించని వీపు, పీఠం అడుగు, చుట్టలో విప్పని భాగం ఫొటోలు చాలాసార్లు దొరుకుతాయి. మీ సందేహాలను ముందు వాటితో సరిచూసుకుని, మిగిలిన వాటిని వచ్చేసారి వెళ్లినప్పుడు చూడాల్సినవిగా రాసిపెట్టుకోండి.